పాత ఏటీవీ స్టీరింగ్ లూజు: బోయిన్‌పల్లి సెల్లార్‌లో రిపేరు డైరీ

ఉగాది తర్వాతి ఆదివారం

చేవెళ్ల నుంచి డీసీఎం వచ్చి బండిని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దించి వెళ్లింది. 250 సీసీ చైనా క్వాడ్ ఇది, అంటే రోడ్డు లేని చోట్ల తిరిగే నాలుగు చక్రాల ఏటీవీ. మా బావ మామిడి తోటలో ఎరువు బస్తాలు, కాయల క్రేట్లు లాగుతుంది. శామీర్‌పేట వైపు ఒక రిసార్ట్ మూతపడుతుంటే చౌకగా వస్తోందని కొన్నాడు. ఈ బండికి రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఎక్కడికి తీసుకెళ్లాలన్నా ఇలా వేరే బండిలో ఎక్కించుకోవాల్సిందే. అక్కడ చూసేవాళ్లు లేక కాదు ఇక్కడిదాకా తెచ్చింది. ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఇద్దరూ హ్యాండిల్ కింద ఏదో బిగించి పంపారు. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికే.

బావ చెప్పిన రోగం ఇది: "గట్టు మీద పోతుంటే హ్యాండిల్ ఒక దిక్కు, చక్రం ఒక దిక్కు పోతోంది బామ్మర్దీ. వెనక ట్రాలీ ఉంటే ఇక చూడు, పాము లెక్క వంకర్లే." మే మొదటి వారంలో బేనిషాన్ కాయ తెంపుతారు. అప్పటికి బండి తోటలో ఉండాలని ఆర్డర్.

పానా ముట్టుకోకముందే ఒక కొలత తీసిపెట్టుకున్నాను. ముందు చక్రాలు నేల మీదే ఉంచి, ఎడమ గ్రిప్ చివర పక్కన ఒక స్టీలు స్కేలు కట్టాను. హ్యాండిల్‌ను మెల్లగా ఎడమకు తిప్పుతూ పోతే ఎడమ చక్రం కదలడం మొదలైన చోట ఒక గీత. కుడికి తిప్పుతూ వస్తే మళ్లీ కదిలిన చోట ఇంకో గీత. రెండింటి మధ్య 48 మి.మీ. ఉంది. అంటే దాదాపు రెండు అంగుళాల మేర హ్యాండిల్ ఊరికే తిరుగుతోంది, చక్రానికి ఆ సంగతే తెలియదు.

ఇకమీద ప్రతి పని తర్వాత ఇదే కొలత తీస్తాను. స్టీరింగ్ విషయంలో చేతిని నమ్మలేం. కొత్త బోల్టు బిగించగానే చేతికి అంతా బాగైపోయినట్టే అనిపిస్తుంది.

ఇంకో లెక్క కూడా వేశాను. గ్రిప్ చివర నుంచి స్టీరింగ్ స్టెమ్ (హ్యాండిల్ కింది పైపు) మధ్యకు 38 సెం.మీ. స్టెమ్ కింద ఉండే పొట్టి చేయి పిట్‌మన్ ఆర్మ్. దాంట్లో, చక్రాన్ని నెట్టే టై రాడ్ తగిలే రంధ్రం స్టెమ్ మధ్య నుంచి 5 సెం.మీ. దూరంలో ఉంది. కాబట్టి కింద ఒక మి.మీ. వదులుంటే పైన చేతి దగ్గర ఏడున్నర మి.మీ. దాకా కనిపిస్తుంది. 48 మి.మీ.ను వెనక్కి లెక్కగడితే కింద ఉన్నది మొత్తం ఆరు మి.మీ. చిల్లర. ఆ ఆరు ఎక్కడెక్కడ ఎంతెంత పంచుకుని ఉందో తేల్చడమే అసలు పని.

సోమవారం రాత్రి, పట్టుకుని చూడటం

ఇలాంటి పాత క్వాడ్‌లో స్టీరింగ్ అంటే కారులోలా ర్యాకూ, గేర్‌బాక్సూ ఏమీ ఉండవు. హ్యాండిల్ కింద పొడుగాటి పైపు, అదే స్టెమ్. దాన్ని పైభాగంలో ప్లాస్టిక్ బుష్ ఒకటి పట్టుకుంటుంది, అట్టడుగున ఫ్రేములో ఒక బేరింగ్ మోస్తుంది. బేరింగ్‌కు కాస్త పైన పిట్‌మన్ ఆర్మ్, దానికి రెండు టై రాడ్‌లు. టై రాడ్ రెండో కొస చక్రం దగ్గర, దాన్ని మోసే నకిల్‌కు తగులుతుంది. నకిల్‌ను, ఫ్రేము నుంచి వచ్చే ఏ-ఆర్మ్‌లకు పట్టి ఉంచేవి బాల్ జాయింట్లు. చివర చక్రం తిరిగే హబ్ బేరింగ్‌లు. వీటిలో ఏది అరిగినా చేతికి తెలిసేది ఒకటే మాట: లూజు.

మా మేనల్లుడికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఖాళీగా ఉన్నాడు. వాడిని సీటు మీద కూర్చోబెట్టి హ్యాండిల్‌ను చిన్నగా అటూ ఇటూ ఊపమన్నాను. నేను కింద పడుకుని టార్చి పట్టుకుని చూశాను. కంటితో చూస్తే అన్నీ కదులుతున్నట్టే ఉంటాయి. అందుకని స్టేషనరీ వైట్‌నర్ తెచ్చి, ప్రతి జాయింటు మీదా రెండు భాగాలనూ కలుపుతూ ఒక సన్నని తెల్ల గీత గీశాను. ఆరాక మళ్లీ ఊపమన్నాను. బిగువుగా ఉన్న చోట గీత అలాగే ఉంటుంది. వదులున్న చోట గీత విరిగి, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఎంత దాటుతోందో కూడా తెలుస్తుంది.

"మామా, పైనే కదా మొత్తం ఊగుతోంది, దాన్ని మారిస్తే అయిపోదా?" అన్నాడు వాడు.

వాడి తప్పేం లేదు. పై బుష్ దగ్గర స్టెమ్ మూడు మి.మీ. మేర ముందుకూ వెనక్కూ కొట్టుకుంటోంది, టకటకమని చప్పుడు కూడా. ముందు చూసిన మెకానిక్‌లు ఇద్దరూ అక్కడే ఆగిపోవడానికి కారణం అదే. కానీ అక్కడ స్టెమ్ ఊగితే హ్యాండిల్ మొత్తం ఒళ్లో పడుతున్నట్టు ముందుకు వస్తుంది, వెనక్కి పోతుంది. అంతేగానీ స్టెమ్ తిరగదు. చక్రాన్ని తిప్పేది స్టెమ్ తిరుగుడే. అసలు దొంగ కింద ఉన్నాడు. బేరింగ్ దగ్గర గీసిన తెల్ల గీత రెండు మి.మీ. పైనే పక్కకు జరుగుతోంది. అంటే టై రాడ్‌ను నెట్టాల్సిన పిట్‌మన్ ఆర్మ్ తనే ముందు పక్కకు జరిగి, ఆ తర్వాత తీరిగ్గా నెడుతోంది. అక్కడ జరిగిన ప్రతి మి.మీ.కీ పైన ఏడున్నర.

టై రాడ్ కొసల్లో ఉండే గుండు కీళ్లు, అంటే టై రాడ్ ఎండ్‌లు, నాలుగూ పోయాయి. రెండింటికి రబ్బరు బూటు చిరిగి లోపల గ్రీజు బదులు ఎర్రమట్టి ఉంది.

తర్వాత ముందు భాగాన్ని జాకీ మీద లేపి, ఒక్కో చక్రాన్నీ చేతులతో పట్టుకుని చూశాను. గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పట్టి ఊపితే టై రాడ్ వైపు వదులు తెలుస్తుంది. పన్నెండు, ఆరు దగ్గర పట్టి ఊపితే బాల్ జాయింటో, హబ్ బేరింగో. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి బ్రేకు పనికొస్తుంది. మేనల్లుణ్ని ముందు బ్రేకు గట్టిగా పట్టమని, చక్రాన్ని మళ్లీ ఊపాలి. బ్రేకు పట్టగానే వదులు పోయిందంటే అది హబ్ బేరింగే, ఎందుకంటే బ్రేకు హబ్‌ను నకిల్‌కు కట్టేస్తుంది. బ్రేకు పట్టినా ఊగుతోందంటే బాల్ జాయింటు. మా దాంట్లో ఎడమ చక్రం బ్రేకుతో ఆగిపోయింది. బాల్ జాయింట్లు నాలుగూ గట్టిగానే ఉన్నాయి. ఇది శుభవార్తే, వాటిని ఊడదీయడానికి ప్రెస్ కావాలి.

అడుగు భాగం విప్పుడు

స్టెమ్ కింది నట్ వదులు కాకుండా దానికి స్ప్లిట్ పిన్ ఉండాలి. దాని బదులు బైండింగ్ వైరు చుట్టి ఉంది, స్లాబు చువ్వలకు కట్టే వైరు. నట్ చేత్తో తిరిగింది.

ఇక్కడే కథంతా అర్థమైంది. వైరు సాగింది, నట్ వదులైంది, బేరింగ్ లోపలి రింగును స్టెమ్ మొన మీద ఒత్తి పట్టేది లేకుండా పోయింది. రిసార్ట్‌లో రోజూ ప్రెషర్ వాషర్‌తో కడిగేవాళ్లట. నీళ్లు పోయి బేరింగ్ తుప్పుపట్టి బిగుసుకుంది. బేరింగ్ తిరగనంటే స్టెమ్ మొనే రింగులో తిరగడం మొదలుపెట్టింది. స్టెమ్ బయటికి లాగి, డీజిల్‌తో కడిగి చూస్తే మొన మీద నున్నటి మెరుపు, కింద ఒక చిన్న మెట్టు. వెర్నియర్ పెడితే 20 మి.మీ. ఉండాల్సింది ఒక వైపు 19.1, అడ్డంగా 19.3. గుండ్రం కూడా పోయింది. బాల్స్‌ను పట్టి ఉంచే బేరింగ్ కేజ్ ముక్కలై నేల మీద రాలింది. బాల్స్ గోధుమ రంగులో ఉన్నాయి.

సీలు మీద నంబరు ఇంకా కనిపిస్తోంది, 6004. అంటే లోపలి వ్యాసం 20, బయటిది 42, మందం 12 మి.మీ. ప్రపంచంలో ఎక్కడైనా అదే కొలత. చైనా బండికి పార్టులు దొరకవని భయపడేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. ఇలాంటి బండ్లలో బేరింగ్‌లు, ఆయిల్ సీళ్లు, నట్లు, బోల్టులు చాలా వరకు స్టాండర్డ్ సైజులే. దొరకనివి ప్లాస్టిక్ భాగాలు, టై రాడ్ ఎండ్‌ల లాంటివే.

ఫ్రేములో బేరింగ్ కూర్చునే గూడు మాత్రం బాగుంది. అది కూడా పోయి ఉంటే ఖర్చు వేరే లెవెల్లో ఉండేది.

రాణిగంజ్, పుత్లీబౌలి

రాణిగంజ్‌లో బేరింగ్ దొరకడం క్షణం పని. 6004 అని మాత్రమే అడిగితే సీలు లేనిదో, మెటల్ షీల్డు ఉన్నదో ఇస్తారు. మట్టిలో, నీళ్లలో తిరిగే బండికి రబ్బరు సీళ్లున్న 2ఆర్ఎస్ రకం కావాలని చెప్పి తీసుకోవాలి. పెట్టె మీద పేరు చూసి మురిసిపోకుండా బిల్లు ఇచ్చే షాపులో కొనడం మేలు, డూప్లికేట్ మాల్ ఈ సామానులో బాగా తిరుగుతుంది. పనిలో పనిగా హబ్‌కు కావాల్సిన బేరింగ్‌లు, ఒక పొట్లం స్ప్లిట్ పిన్‌లు, నైలాక్ నట్లు, 70 మి.మీ. డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) రాడ్డు ముక్క కూడా కొన్నాను.

టై రాడ్ ఎండ్‌ల కోసం పుత్లీబౌలికి వెళ్లాను. పాతదాన్ని చేతిలో పెడితే కౌంటర్ మీది పెద్దాయన తిప్పి తిప్పి చూసి, "థ్రెడ్ దొరుకుద్ది అన్నా, టేపర్ దొరకదు" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. ఎం10 బై 1.25 థ్రెడ్‌తో ఏదో చిన్న బండిది ఒకటి తీశాడు, అది రాడ్‌కు ఎక్కింది కూడా. బాల్ కింద ఉండే స్టడ్ టేపర్, అంటే కొసకు పోయే కొద్దీ సన్నబడే వాలు, మాత్రం కొంచెం సన్నటి కోన్. విప్పిన స్టెమ్‌ను పిట్‌మన్ ఆర్మ్‌తో సహా వెంట తీసుకుపోబట్టి అక్కడికక్కడే తేలింది. స్టడ్ టేపర్ మీద మార్కర్ పెన్‌తో నిలువుగా గీతలు గీసి, ఆర్మ్ రంధ్రంలో పెట్టి ఒకసారి తిప్పి తీస్తే ఎక్కడ తగిలిందో అక్కడ ఇంకు చెరిగిపోతుంది. కోన్ పొడవునా చెరగాలి. ఇది పై అంచు దగ్గర మాత్రమే చెరిగింది. అలాంటిది నట్ బిగిస్తే గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, నెల తిరక్కుండా రంధ్రాన్ని తినేస్తుంది. పెద్దాయన బేరం పోయినా బాధపడలేదు, "ఆన్‌లైన్‌ల తెప్పించుకో, ఎడమది ఉల్టా చూడీది మర్చిపోకు" అని పంపాడు.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. రెండు కుడి థ్రెడ్, రెండు ఎడమ థ్రెడ్. ఎప్పుడొస్తాయో వాళ్లకే తెలియాలి.

బాలానగర్ లేత్

స్టెమ్ మొన ఏం చేయాలన్నది అసలు తలనొప్పి. నాకు మూడు దారులు కనిపించాయి. రిటైనింగ్ కాంపౌండ్ పోసి కొత్త బేరింగ్ అతికించడం సులువు, కానీ ఆ గమ్ములు చాలావరకు పూడ్చేది పావు మి.మీ. దాకా ఖాళీనే. ఇక్కడ దానికి మూడింతలు పైనే ఉంది. మొనను ఇంకా సన్నగా చెక్కి స్లీవ్ తొడగడం రెండోది. అప్పుడు లోపల మిగిలేది 17 మి.మీ. ఇనుము. బండి బరువు గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ తినే చోట ఇనుమును తగ్గించడం నాకు మనసొప్పలేదు. మూడోది వెల్డింగ్‌తో మెటల్ నింపి మళ్లీ 20కి తిప్పడం. స్టీరింగ్ భాగానికి వెల్డింగ్ అనగానే భయం వేస్తుంది, వేయాలి కూడా.

బాలానగర్‌లో నేను వెళ్లే టర్నర్‌కు స్టెమ్ చూపించాను. ఆయన రెండో దారి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "స్లీవ్ వేస్తే ఇయ్యాల మంచిగుంటది సార్, రేపు ఆ మెట్టు కాడ్నే ఇరుగుతది" అన్నాడు. టిగ్ వెల్డింగ్‌తో ఒక్కో గీతా ఎదురెదురు వైపుల వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నింపించాడు. ఒకే వైపు వేసుకుంటూ పోతే పైపు ఆ పక్కకు లాగి వంగిపోతుంది. నీళ్లు పోసి చల్లార్చనివ్వలేదు, ఉక్కు గట్టిపడి పెళుసవుతుందని. చల్లారిన తర్వాత లేత్ మీద రెండు సెంటర్ల మధ్య పట్టి, డయల్ గేజీతో వంపు చూసి, అప్పుడు తిప్పాడు. చివరి కోత అయ్యాక మైక్రోమీటర్‌లో 20.00, ఒక చోట 20.01. బేరింగ్ చేత్తో జారకుండా, రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలకు కూర్చునేలా వచ్చింది.

పగుళ్ల సంగతి తేల్చుకోకుండా తెచ్చుకోలేదు. పక్క షెడ్డులో డై పెనిట్రెంట్ డబ్బాలు ఉన్నాయి. ముందు క్లీనర్ కొట్టి తుడిచారు. తర్వాత ఎర్ర రంగు స్ప్రే చేసి పది నిమిషాలు ఊరుకున్నారు. పైపైన తుడిచేసి తెల్ల డెవలపర్ కొట్టారు. పగులు ఉంటే లోపలికి దూరిన ఎరుపు తెల్ల పొడి మీదికి గీతలా ఊరుతుంది. నా స్టెమ్ మీద మెట్టు మూల దగ్గర ఒక గులాబి మచ్చ కనిపించి గుండె ఆగినంత పనైంది. మళ్లీ కడిగి, మళ్లీ కొట్టారు. తుడవడంలో మిగిలిన రంగే, రెండోసారి రాలేదు.

ఒక మాట ఇక్కడే రాసుకోవాలి. అరిగిన గుండ్రాన్ని నింపడానికి ఇలా చేయించడం వేరు. విరిగిన టై రాడ్‌కో, పగిలిన నకిల్‌కో వెల్డింగ్ పెట్టి మళ్లీ బండి నడపడం వేరు. రెండోది నేను చేయను, ఎవరైనా చేసిస్తానన్నా తీసుకోను.

పై బుష్ కూడా అదే టర్నర్ చేశాడు. పాత బుష్ రెండు సగాలుగా ఉండే ప్లాస్టిక్, దాన్ని విప్పితే లోపల సైకిల్ ట్యూబు ముక్క. నాలుగు రోజుల రిపేరు రహస్యం అదన్నమాట. కొత్తగా నైలాన్‌తో చేద్దామన్నాడు టర్నర్, అతని దగ్గర రాడ్డు ఉంది. నైలాన్ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, వానాకాలంలో హ్యాండిల్ బిగుసుకుంటుంది. డెల్రిన్ నీళ్లను చాలా తక్కువ పీలుస్తుంది. అందుకే నేను ముక్క తీసుకెళ్లాను. ఆయన పని చేసిన వరస చూడముచ్చటగా ఉంది. ముందు రాడ్డు ముక్కను నిలువునా రెండుగా కోశాడు. కోసిన ముఖాలు సాపు చేసి, జతకలిపి, చక్‌లో బిగించి ఆ తర్వాతే రంధ్రం బోర్ చేశాడు. ముందే రంధ్రం చేసి కోస్తే రంపం తిన్న మేర గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. స్టెమ్‌ను ఆ చోట ఎమరీ పేపర్‌తో రుద్దితే 37.8 తేలింది, రంధ్రం 37.95 పెట్టమన్నాను.

బిగింపు, మొదటి కొలతలు

కొత్త బేరింగ్, కొత్త నట్, కొత్త స్ప్లిట్ పిన్. పిన్ రంధ్రం నట్ గాడితో కలవకపోతే నట్‌ను ఇంకొంచెం బిగించి కలపాలి. వెనక్కి వదిలి కలపకూడదు. ఇది తెలిసినవాళ్లు కూడా చెమటలు కారుతున్న ఏప్రిల్ మధ్యాహ్నం ఆ పావు చుట్టు కోసం వెనక్కి తిప్పేస్తుంటారు.

పై బుష్‌ను ఇంకా పాతదే ఉంచి, కింది బేరింగ్ ఒక్కటే మార్చి కొలిచాను. 48 కాస్తా 30కి దిగింది. హ్యాండిల్ మాత్రం ఎప్పటిలాగే టకటకమంటూ ఊగుతోంది. బావ అప్పుడు వచ్చి పట్టుకుని ఉంటే "ఏం చేసినవ్ ఇన్ని రోజులు?" అనేవాడు.

తర్వాత డెల్రిన్ బుష్ వేశాను. చప్పుడు పోయింది. హ్యాండిల్ రాయిలా నిలబడింది. మేనల్లుడు "అయిపోయింది మామా!" అని ఎగిరాడు. స్కేలు చూస్తే 27. చేతికి తొంభై శాతం తేడా ఇచ్చిన పని, చక్రం దగ్గర ఇచ్చింది మూడు మి.మీ. ఇన్నాళ్లూ ఈ బండి యజమానులనూ, మెకానిక్‌లనూ మోసం చేసింది ఇదే. పై బుష్ బిగిసిన బండి నిలబెట్టి చూసినప్పుడు కొత్తదానిలా ఉంటుంది, గట్టెక్కితే వంకర్లు పోతుంది.

టై రాడ్‌లు

పార్సిల్ వచ్చింది. మార్కర్ పరీక్ష నాలుగింటికీ చేశాను. మూడు బాగా వచ్చాయి, నాలుగోదానికి టేపర్ మీద పెయింటు ఉంది, గీకేశాక సరిపోయింది.

పాతవి ఊడదీయడానికి ఫోర్కు లాంటి పనిముట్టు దూర్చి కొడితే బూటు చిరుగుతుంది. పాత ఎండ్ పోతే పోయింది, అదే అలవాటు రేపు మంచి ఎండ్ మీదా చేస్తాం. నట్‌ను స్టడ్ కొస దాకా వదిలి, నకిల్ చెవికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో గట్టిగా ఒక్కటి వేశాను. చెవి క్షణకాలం సాగుతుంది, టేపర్ దానంతటదే వదిలేస్తుంది. స్టడ్ మీద కొట్టే పనే లేదు. ఒకటి మొండికేసింది, దానికి రస్ట్ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను.

రాడ్ ఎండ్‌లు విప్పేముందు బాల్ మధ్య నుంచి బాల్ మధ్యకు దూరం రాసుకున్నాను, అలైన్‌మెంట్‌కు అది దారి చూపిస్తుంది. ఒక కొసది మామూలు థ్రెడ్, రెండో కొసది ఉల్టా. అందుకే మధ్యలో రాడ్‌ను తిప్పితే రెండు కొసలూ ఒకేసారి దగ్గరకో దూరానికో వస్తాయి. ఎండ్ కదలకుండా పట్టే చెక్‌నట్ కూడా ఉల్టా వైపు ఉల్టానే. ఎండ్ మీద చిన్న ఎల్ అక్షరం అచ్చు ఉంటుంది, అది చూసుకోవాలి. రెండు కొసల్లోనూ థ్రెడ్ సమానంగా లోపలికి వెళ్లాలి. ఒకటి అంచు మీద వేలాడుతూ ఇంకోటి మొత్తం మునిగిపోకూడదు.

బిగించాక 11 మి.మీ.

హబ్ బేరింగ్‌లు ఎడమ వైపే మార్చాను. కుడివి తిప్పి చూస్తే గరగర లేదు, వదులు లేదు. పాత బేరింగ్ కొట్టడం, గూడు తుడవడం, కొత్తది బయటి రింగు మీద ఒత్తిడి పడేలా పాత రింగునే ఆసరాగా పెట్టి దించడం మామూలే. కొలత 8.

అలైన్‌మెంట్

కొత్త టై రాడ్ ఎండ్‌లు వేశాక అలైన్‌మెంట్ చేయకుండా బండి దించితే టైర్లు రెండూ చెరోవైపు చూస్తాయి. ఇక్కడ కంపెనీని బట్టి కొలత మారుతుందని గుర్తుంచుకోవాలి. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ లాంటి వాటికి ముందు టైర్ల మధ్య దూరం వాటి వెనక అంచుల దగ్గరకన్నా ముందు అంచుల దగ్గర 3 నుంచి 6 మి.మీ. ఎక్కువ ఉండాలంటారు, అంటే టో-అవుట్. మా బండి మాన్యువల్‌లో దానికి ఉల్టా, టో-ఇన్ ఉంది. నేను ముందు వైపు 5 మి.మీ. తక్కువ వచ్చేలా పెట్టాను.

హ్యాండిల్‌ను తిన్నగా ఉంచి రెండు తాళ్లతో వెనక క్యారియర్‌కు కట్టేశాను. రెండు ముందు టైర్ల మధ్య గీత మీద, ఇరుసు ఎత్తులో చాక్‌పీసుతో గుర్తు పెట్టి, గుర్తుకూ గుర్తుకూ మధ్య ముందు వైపు కొలిచాను. తర్వాత చక్రాలను సగం చుట్టు తిప్పితే అవే గుర్తులు వెనక వైపుకు వస్తాయి. మళ్లీ అక్కడ కొలిచాను. టైరు అచ్చులో వంకర ఉన్నా, రిమ్ కాస్త వంగినా ఈ పద్ధతిలో కొలత చెడదు. రెండు టై రాడ్‌లనూ సమానంగా తిప్పుకుంటూ పోవాలి. ఒకదాన్నే తిప్పితే కొలత కుదురుతుంది గానీ హ్యాండిల్ వంకరగా కూర్చుంటుంది.

చెక్‌నట్ బిగించేటప్పుడు ఎండ్ దానితో పాటు తిరిగిపోతుంది. రెండు కొసల బాల్‌లూ ఒకే కోణంలో ఉండేలా పట్టుకుని బిగించాలి, లేకపోతే హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు ఒకటి ముందే అడ్డుపడి స్టడ్ వంగుతుంది. తర్వాత ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి యాక్సిలరేటర్ కేబుల్, బ్రేకు గొట్టం లాగుతున్నాయేమో చూశాను. ఇంజిన్ ఆన్ చేసి కూడా చూడాలి. హ్యాండిల్ తిప్పితే ఆర్‌పీఎం పెరిగిందంటే కేబుల్ లాగుతున్నట్టే.

తోటలో

టైర్లలో గాలి సంగతి చేవెళ్ల వెళ్లాకే తెలిసింది. పంక్చర్ షాపు అబ్బాయి మోటార్‌సైకిల్‌కు కొట్టినట్టు పాతిక దాకా కొట్టి పంపాడు. ఈ టైరు గోడ మీదే పరిమితి ఏడు పీఎస్ఐ అని అచ్చు వేసి ఉంది, మేం పెట్టేది నాలుగు. షాపుల్లో ఉండే గేజీకి పది కింద సూది సరిగా కదలదు. తక్కువ ప్రెషర్ గేజీ ఒకటి వేరే కొన్నాం, అది బండి టూల్ డబ్బాలోనే ఉంటుంది. ఉబ్బిన టైరుతో రాయి తగిలినప్పుడల్లా హ్యాండిల్ చేతిలోంచి గుంజుకుంటుంది, దాన్ని మళ్లీ స్టీరింగ్ రోగం కింద లెక్కేస్తారు.

ట్రాలీ తగిలించి బావ గట్టు మీద ఆ చివరికి వెళ్లి వచ్చాడు. హెల్మెట్ పెట్టుకోమంటే ఎప్పటిలాగే మూతి ముడిచాడు గానీ పెట్టుకున్నాడు. మూడు చక్రాల ఏటీవీలు బోల్తా కొట్టి కొట్టి చివరికి 1988లో అమెరికాలో ఆ రకం కొత్త బండ్ల అమ్మకాలే ఆపేశారని చెబితే, "మనది నాలుగు కదా" అన్నాడు. నాలుగు ఉన్నా వెనక ఇరుసు ఒకటే గట్టి రాడ్డు, డిఫరెన్షియల్ లేదు. మలుపులో వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో బండిని తిన్నగా ముందుకే తోస్తాయి. తిప్పే భారమంతా ముందు చక్రాల మీదే. మలుపులో బరువు లోపలి వైపుకు, ముందుకు వంచి తిప్పమని చూపించాను. మేనల్లుడు ఒక్కసారి చూసి నేర్చుకున్నాడు. బావ ఇంకా నిటారుగానే కూర్చుంటున్నాడు.

"వంకర్లు పోతలేదు" అన్నాడు దిగి. ఆ తర్వాత వెంటనే, "కానీ బరువైంది హ్యాండిల్" అన్నాడు. బరువు కాలేదు, ఇంతకుముందు చక్రం లేకుండా తిప్పేవాడు.

ఇంకా మిగిలినవి

ఎనిమిది మి.మీ. ఎక్కడుందో తెలుసు. ఏ-ఆర్మ్ లోపలి రబ్బరు బుష్‌లలో కొంత, టైరు ఒత్తుకునే స్వభావంలో కొంత. బుష్‌లు కోత అయ్యాక చూస్తాను, ఇప్పుడు బండి పనిలో ఉండాలి. గంటలు కొన్ని నడిచాక స్టెమ్ నట్, టై రాడ్ నట్లు, చెక్‌నట్లు మళ్లీ పానా పెట్టి చూడాలని బావకు చెప్పి, ప్రతి నట్ మీదా వైట్‌నర్‌తో గీత గీసి వచ్చాను. గీత విరిగితే ఫోన్ చేస్తాడు.

ప్రెషర్ వాషర్‌తో స్టెమ్ కింద కొట్టొద్దని కూడా చెప్పాను. పైపుతో నీళ్లు పోసి కడిగితే చాలు.

వెనక ఇరుసు బేరింగ్‌లో చిన్న గరగర వినిపించింది తోటలో. దాని నంబరు రాసుకొచ్చాను. పని వానలు పడ్డాకే.